ఒకే చెరువు, ఆరు రకాల చేపలు: ఏ నోరు ఏం తింటుందో చూసుకుందాం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సిద్దిపేట వైపు సొంత పొలంలో రెండెకరాల చెరువు తవ్వించావు. ఏడు నెలల కిందట బొచ్చె, రవ్వ, మోసు, బంగారు తీగ, వెండి చేప, గడ్డి చేప కలిపి 4,000 పిల్లలు వదిలావు. రోజూ సాయంత్రం తవుడు, వేరుశనగ చెక్క కలిపి గట్టు మీద నుంచి ఒకే మూల చల్లుతున్నావు. రవ్వ, బంగారు తీగ బాగానే ఎదిగాయి. బొచ్చె, మోసు అక్కడే ఆగిపోయాయి. గడ్డి చేపకి తల పెద్దగా, ఒళ్ళు సన్నగా కనిపిస్తోంది. "అన్నీ చేపలే కదన్నా, అన్నిటికీ ఒకే మేత వేస్తుంటే కొన్నే ఎందుకు పెరుగుతున్నాయి? కొర్రమీను కూడా వేస్తే డబ్బులొస్తాయంటున్నారు, వెయ్యనా?" అని అడిగావు. ఇన్ని రకాల చేపలు ఎలా వచ్చాయని కూడా పైపైన అడిగావు.

నేను కైకలూరు వైపు 26 ఏళ్ళుగా చేపల చెరువుల మీదే ఉన్నాను. మొదటి మూడు నాలుగేళ్ళు నేనూ నీలాగే ఆలోచించాను. ఎవరు కలిసినా "ఏ మేత మంచిది?" అని అడిగేవాణ్ణి. అడగాల్సింది అది కాదు. "నా చెరువులో ఏయే నోళ్ళున్నాయి?" అని అడగాలి. నోరు ఏ వైపు తెరుచుకుంటుంది, మొప్పల్లో ఏముంది, పేగు ఎంత పొడుగు అన్న మూడూ తెలిస్తే ఆ చేప ఎక్కడ తింటుందో, ఏం తింటుందో, రోజుకి ఎన్నిసార్లు తినాలో నీకే అర్థమవుతుంది. నీ చెరువు సంగతి చివర్లో లెక్క కడదాం. ముందు ఇది చూడు.

రేపు వల వేసినప్పుడు ఒక బొచ్చెనీ, ఒక రవ్వనీ, ఒక మోసునీ పక్కపక్కన తడి గోనె మీద పెట్టు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. కింది దవడ ముందుకొచ్చి ఆకాశం వైపు చూస్తున్నట్టుంటుంది. అంటే అది తన పైనున్నది తినడానికి పుట్టింది. మొప్ప మూత ఎత్తి చూస్తే ఎర్రటి మొప్పలకి లోపలి వైపున సన్నటి దువ్వెన పళ్ళలాంటివి వరసగా, దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. బొచ్చె నీళ్ళు మింగుతూ పోతుంటే ఆ దువ్వెనల్లో చిన్న చిన్న పురుగులు చిక్కుకుంటాయి. నీటిలో తేలే ఆ జంతు ప్లాంక్టనే దాని అసలు భోజనం. ఆ పెద్ద తల అంతా ఆ జల్లెడ పట్టడానికే.

రవ్వని చూడు. మా వైపు దీన్ని శీలావతి అంటాం. నోరు తిన్నగా ముందుకి, కాస్త కిందికి ఉంటుంది. పెదవులు దళసరిగా, అంచున కుచ్చుల్లా చిన్న చిన్న మడతలతో ఉంటాయి. ఆ పెదవులతో అది నీళ్ళలో నానుతున్న ఆకుల మీద, కర్రల మీద, గడ్డి కాడల మీద పట్టిన జిగురు పాచిని గీకి తింటుంది. అందుకే చెరువులో వెదురు బొంగులు పాతితే రవ్వలు వాటి చుట్టూ తిరుగుతాయి. నీటి మధ్య పొరలో ఎక్కువగా ఉంటుంది. కానీ మేత పెడితే ఎక్కడికైనా వస్తుంది. మేతకి ఇంత తొందరగా అలవాటు పడే చేప మనకి ఇంకోటి లేదు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో నూటికి 80 పైన రవ్వే ఎందుకుంటుందంటే ముఖ్యమైన కారణం ఇదే. మిగిలింది బొచ్చె. మోసుని మా వాళ్ళు చాలామంది వదిలేశారు. అది నెమ్మదిగా ఎదుగుతుంది, పైగా పట్టుబడికి వల లాగినప్పుడు బురదలోకి దూరి తప్పించుకుంటుంది.

ఆ మోసు నోరు చిన్నది, కిందికి ఉంటుంది. బొచ్చె తినేది పైన, రవ్వది మధ్యలో, మోసుది అడుగున. కుళ్ళిన ఆకు, బురద మీద పేరుకున్న మెత్తటి మడ్డి, అందులో బతికే సూక్ష్మజీవులు దాని ఆహారం. ఈ మూడూ మన నదుల చేపలే. ఒకే నీళ్ళలో ఎన్నో తరాలు పక్కపక్కన బతికి, ఒకదాని కంచంలో ఇంకోటి చెయ్యి పెట్టకుండా సర్దుకున్నాయి. వీటిని కలిపి పెంచొచ్చని మనకి తోచింది ఆ సర్దుబాటు చూసే.

ఇప్పుడు పేగు సంగతి. ఇది నేను కళ్ళారా చూసేదాకా నమ్మలేదు. ఒకసారి కిలో తూగే రవ్వని కోసి పేగుని చిక్కు విప్పి, అరిటాకు మీద పరిచి టేపు పెట్టి కొలిచాను. చేప పొడుగు 42 సెంటీమీటర్లు. పేగు 4 మీటర్లు దాటింది. జిలేబీ చుట్టలా మడతలు మడతలుగా పొట్టంతా అదే. అదే రోజు ఒక కొర్రమీనుని కూడా కోశాను. దాని పేగు చేప పొడుగంత కూడా లేదు, కానీ ముందు సంచిలాంటి గట్టి జీర్ణకోశం ఉంది, అందులో సగం అరిగిన కప్ప ఉంది. ఆకూ పాచీ అరగడానికి చాలా సేపు పడుతుంది, అందుకే పొడుగు పేగు. మాంసం తొందరగా అరుగుతుంది, పొట్టి పేగు చాలు. మన ఇళ్ళల్లో ఆవు పేగుకీ పిల్లి పేగుకీ ఉన్న తేడాయే ఇది.

ఇందులో రైతుకి పనికొచ్చే ముఖ్యమైన విషయం ఒకటుంది. బొచ్చె, రవ్వ, మోసు, బంగారు తీగ, గడ్డి చేప, వెండి చేప అన్నీ ఒకే కుటుంబం. ఈ కుటుంబంలో దేనికీ జీర్ణకోశం లేదు. నోటి తర్వాత గొంతు, గొంతు తర్వాత నేరుగా పేగు. మనలా ఒక్కసారి కడుపు నిండా తిని దాచుకునే సంచి వాటికి లేదు. కాబట్టి రోజుకి ఒక్కసారి, సాయంత్రం, గంపెడు మేత ఒకేచోట గుమ్మరిస్తే అవి తినగలిగింది కొంచెమే. మిగిలింది అడుగుకి చేరి కుళ్ళుతుంది. కొద్దికొద్దిగా, ఎక్కువసేపు దొరకాలి వాటికి.

కొల్లేరు రైతులు సంచులు కట్టే పద్ధతి పట్టుకున్నది ఇందుకే. ప్లాస్టిక్ సంచి అడుగున రెండు వరసల్లో చిన్న చిల్లులు పొడిచి, తవుడూ చెక్కా నింపి, నీళ్ళలో పాతిన బొంగులకి కడతారు. పొద్దున్నే పడవలో వెళ్ళి కట్టేసి వస్తే పావుగంటలో చేపలు చేరతాయి. చిల్లు దగ్గర పెదవి ఆనించి లాగుతుంటే సంచి అటూ ఇటూ ఊగుతుంటుంది. ఒకటి తప్పుకుంటే ఇంకోటి వస్తుంది. రెండు మూడు గంటల్లో సంచి చిక్కిపోతుంది. మధ్యాహ్నానికి ఇంకా మేత మిగిలిందంటే మర్నాడు తగ్గించాలి. అసలు ముట్టుకోలేదంటే నీటిలోనో చేపలోనో ఏదో తేడా ఉంది, మేత ఆపి అది చూడాలి. చల్లే మేత అడుగుకి పోయాక ఎంత తిన్నాయో నీకు తెలిసే దారి లేదు. సంచి కడితే రోజూ లెక్క తెలుస్తుంది.

పళ్ళ గురించి కూడా చెప్పాలి. ఈ కుటుంబం చేపల నోట్లో పళ్ళుండవు. వేలు పెట్టి చూడు, మెత్తగా ఉంటుంది. పళ్ళు గొంతులో ఉంటాయి, మొప్పల వెనకాల. బంగారు తీగకి అవి మన దంతాల్లా చదునుగా ఉంటాయి, చిన్న నత్తగుల్లల్ని కూడా పగలగొడుతుంది. గడ్డి చేపకి రంపపు పళ్ళలా ఉంటాయి, గడ్డిని కోసి నలుపుతుంది. వెండి చేప నోరు చూడటానికి బొచ్చె నోరులాగే పైకి ఉంటుంది. కానీ దాని మొప్పల్లోని దువ్వెనలు ఒకదానికొకటి అతుక్కుపోయి స్పాంజిలా తయారయ్యాయి. అంత సన్నని జల్లెడ కాబట్టి కంటికి కనిపించని పచ్చని ప్లాంక్టన్ కూడా అందులో ఆగుతుంది. నీ చెరువులో సమస్య కూడా కొంత ఇక్కడే ఉంది, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇన్ని రకాలు ఎలా వచ్చాయన్నది నువ్వు పైపైన అడిగావు గానీ నాకు చాలా ఇష్టమైన సంగతి, కాస్త ఓపిగ్గా విను. భూమ్మీదున్న మొత్తం నీటిలో నదులు, చెరువులు, సరస్సుల్లో ఉన్నది నూటికి ఒక వంతు కాదు, ఆ ఒక వంతులో మళ్ళీ నూరో వంతు. ఆ కాస్త నీటిలోనే ప్రపంచంలోని చేప రకాల్లో దాదాపు సగం బతుకుతున్నాయి. వాటిలో చాలా భాగం మనలాంటి వేడి దేశాల్లోనే ఉన్నాయి. ఒక్క అమెజాన్ నదీ ప్రాంతంలోనే 2,000కి పైగా రకాలున్నాయి. ఏడాది పొడుగునా నీళ్ళు వెచ్చగా ఉంటాయి, ఎప్పుడూ ఏదో ఒక తిండి దొరుకుతుంది. ఏటా వరదొచ్చి నది పొలాల్లోకీ అడవిలోకీ పాకుతుంది. ఆ వరదతో కొత్త మేత, పిల్లలు పెట్టడానికి కొత్త చోటు. చలి దేశాల చేప చలికాలమంతా దాదాపు పస్తుంటుంది, కాబట్టి దొరికిందల్లా తినాలి. మన నీళ్ళలో చేపకి ఒకే రకం తిండి పట్టుకుని బతికే వీలుంది.

అమెజాన్‌లో వరద కాలంలో నీళ్ళు పది మీటర్ల దాకా లేచి అడవి నెలల తరబడి మునిగి ఉంటుంది. చెట్ల పళ్ళు, గింజలు నీళ్ళలో రాలతాయి. అక్కడి కొన్ని పెద్ద చేపలు చెట్ల కింద కాచుక్కూచుని రాలిన పండు రాలినట్టే మింగుతాయి. గట్టి గింజల్ని పగలగొట్టడానికి వాటికి మనిషి దంతాల్లాంటి పళ్ళున్నాయి. పగలకుండా మింగిన గింజలు ఎక్కడో దూరంగా విసర్జనతో పడి మొలుస్తాయి, అంటే చేపే అడవిని నాటుతోంది. ఇదంతా నీకెందుకు చెప్తున్నానంటే, ఆ పళ్ళు తినే చేపల్లో ఒకటి మన చేపల మార్కెట్లోనే ఉంది. రూప్‌చంద్ అని అమ్మే ఎర్ర పొట్ట చేప పుట్టిల్లు అమెజాన్, ఒరినోకో నదులు. ఈసారి కొన్నప్పుడు నోరు తెరిచి పళ్ళు చూడు. కొందరు దాన్ని పిరానా అని భయపడతారు. పిరానాకి పళ్ళు కత్తుల్లా మొనదేలి ఉంటాయి, దీనివి గింజలు నూరే పళ్ళు. రెండూ దగ్గరి చుట్టాలే, తిండి మాత్రం వేరు. పొడి మేత వేసినా, ధాన్యం వేసినా రూప్‌చంద్ గబగబా తిని ఎదుగుతుందంటే ఆ గింజల అలవాటు వల్లే.

ఆఫ్రికాలో మలావీ, టాంగన్యీకా అని రెండు పెద్ద సరస్సులున్నాయి. మన చెరువుల్లోకి వచ్చి చేరిన తిలాపియా చేపకి చుట్టాలు అక్కడ వందల రకాలుగా విడిపోయాయి. ఒకటి రాళ్ళ మీద పాచి గీకుతుంది, ఒకటి నత్తలు నలుపుతుంది. మలావీలో ఒకటి అడుగున పక్కకి ఒరిగి చచ్చినట్టు పడుకుంటుంది, చిన్న చేపలు కొరుక్కుతినడానికి దగ్గరికొస్తే ఒక్కసారి లేచి మింగుతుంది. టాంగన్యీకాలో ఒకటి ఇంకా విచిత్రం. ఇతర చేపల పొలుసులు పీక్కు తిని బతుకుతుంది. దాని నోరు కొన్నింటికి కుడికి, కొన్నింటికి ఎడమకి వంకర తిరిగి ఉంటుంది. కుడికి వంగిన నోటిది వెనక నుంచి వచ్చి ఎదుటి చేప ఎడమ పక్క మీద దాడి చేస్తుంది, ఎడమకి వంగినది కుడి పక్క మీద. ఒక రకం ఎక్కువైతే చేపలన్నీ ఆ పక్కనే జాగ్రత్త పడతాయి, అప్పుడు రెండో రకానికి తిండి ఎక్కువ దొరుకుతుంది. అందుకని రెండూ ఎప్పుడూ సగం సగం దగ్గరే ఊగుతుంటాయి. ఇది మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నోటి వంకర మీద ఒక జాతి లెక్కంతా నడుస్తోంది.

మన వాగుల్లో కూడా వైవిధ్యం తక్కువేమీ కాదు. వాలుగని చూడు, నోరు కళ్ళ వెనక దాకా చీలి ఉంటుంది, దొరికిన చేపని దొరికినట్టు మింగుతుంది. బొమ్మిడాయి ముక్కు చివర మెత్తటి తొండంలాంటిది ఉంటుంది, రాత్రిళ్ళు దాంతో బురదని తడుముతూ పురుగుల్ని ఏరుకుంటుంది. జెల్లలు, మార్పు చేపలు మీసాలతో రుచి చూస్తాయి. మురికి నీళ్ళలో కన్ను పనిచెయ్యదు, ఆ మీసాలే వాటికి నాలుకా చెయ్యీ. పరిగెలు పాచీ, పురుగులూ, దోమ పిల్లల్నీ తింటాయి. గురక పురుగులు తింటుంది, తొలకరి వానకి గట్టెక్కి తడి నేల మీద పాకిపోతుంది. గోదారి వరదకి ఎదురీదే పులస సముద్రంలో ప్లాంక్టన్ తిని కొవ్వు పట్టించుకుని, ఏరెక్కేటప్పుడు తిండి దాదాపు మానేస్తుంది. ఒంట్లో దాచుకున్న ఆ కొవ్వు ఖర్చుతోనే పైకి వస్తుంది.

పరాయి చేపలు వచ్చి చేరితే ఈ సర్దుబాటు దెబ్బతింటుంది. దయచేసి ఇది గుర్తుపెట్టుకో. అక్వేరియంలో గాజుకి అతుక్కుని పాచి గీకే నల్ల చేపని చాలామంది ఇళ్ళల్లో పెంచి, పెద్దదయ్యాక కాలువలో వదిలేశారు. మన వాళ్ళు దాన్ని రాకాసి చేప అంటున్నారు. దక్షిణ అమెరికా చేప అది. ఒళ్ళంతా గట్టి పెంకు, తినే పక్షి గానీ చేప గానీ ఇక్కడ తక్కువ. రవ్వ, మోసు తినాల్సిన పాచీ మడ్డీ అది తినేస్తోంది. గట్లలో బొరియలు తవ్వుతోంది, వలలు చింపుతోంది. నీ చెరువుకి కాలువ నీళ్ళు పెట్టేటప్పుడు తూము దగ్గర సన్న కన్ను జాలీ రెండు పొరలు కట్టు. ఆఫ్రికా మార్పు చేప అయితే మన దేశంలో పెంచడమే నిషేధం. ఎవరైనా చవగ్గా పిల్ల ఇస్తామన్నా తీసుకోకు. అది ఒక్కసారి వాగులో పడితే నాటు చేపల్ని మిగల్చదు.

తిలాపియా చెరువులో తానంతట తానే చేరుతుంది, దాని గురించి రెండు ముక్కలు. దానికి జీర్ణకోశం ఉంది, అందులో ఆమ్లం చాలా ఘాటు. మన రకాలకి సరిగ్గా అరగని నీలి ఆకుపచ్చ పాచి కూడా దానికి అరుగుతుంది. పైగా నోట్లో పిల్లల్ని పెట్టుకుని కాపాడుతుంది. అందుకే పిల్లలతో చెరువు నింపేస్తుంది, అన్నీ అరచేతికి మించవు.

సరే, నీ చెరువులోకి వద్దాం.

బొచ్చె ఎందుకు ఆగింది? నువ్వు దాంతోపాటు వెండి చేపని వేశావు. రెండూ పై పొర చేపలే, రెండూ నీటిని జల్లెడ పట్టేవే. వెండి చేప జల్లెడ సన్నది కాబట్టి ముందు పచ్చ ప్లాంక్టన్‌ని ఊడ్చేస్తుంది. ఆ పచ్చది తిని బతికే చిన్న పురుగులు దాంతో తగ్గుతాయి, ఆ పురుగులే బొచ్చె భోజనం. ఇంకో పక్క నువ్వు చల్లే మేత నిమిషాల్లో అడుగుకి పోతోంది. నోరు ఆకాశం వైపున్న చేప బురదలో ఏరుకోలేదు. వచ్చేసారి వెండి చేప మానెయ్. ఈసారికి వెండి చేపల్ని ముందే పట్టి అమ్మెయ్, బొచ్చెకి ఊపిరొస్తుంది.

మోసు ఎందుకు ఆగింది? అడుగున బంగారు తీగ ఉంది. దాని నోరు గొట్టంలా ముందుకి సాగుతుంది. బురదలోకి గుచ్చి లాగి, నమిలి, మట్టి ఉమ్మేస్తుంది. నువ్వు మూల చల్లిన మేత అడుగుకి చేరగానే ముందు వచ్చేది అదే. మోసు మెతక చేప, తోసుకుని రాలేదు. బంగారు తీగ గట్టు మొదలు కూడా తవ్వుతుంది, నీళ్ళ అంచున మట్టి జారుతోందేమో చూసుకో. అడుగుకి రెండు రకాలు వద్దు. మోసు కావాలంటే మోసు, లేదంటే బంగారు తీగ కొద్దిగా.

పై నుంచి మేత వెయ్యడమే కాదు, నీటిని కూడా మేపాలి. పేడో, కోళ్ళ ఎరువో కొలిచి వేస్తే ప్లాంక్టన్ పుడుతుంది, బొచ్చెకి సగం కూడు అదే. ఎక్కువైందా తక్కువైందా తెలియడానికి మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో నిలువుగా ముంచు. మోచెయ్యి మునగబోతుండగా అరచెయ్యి మసగ్గా కనబడి మాయమైతే సరిపోయింది. మణికట్టు మునగగానే అరచెయ్యి కనబడకపోతే నీళ్ళు బాగా చిక్కబడ్డట్టు, ఎరువు ఆపు. మోచెయ్యి మునిగినా వేళ్ళు తేటగా కనిపిస్తుంటే నీళ్ళలో తిండి లేదు. ఇంకో పని, గాజు గ్లాసుతో నీళ్ళు ముంచి ఎండకి ఎదురుగా పట్టు. తెల్లటి చుక్కలు కుదుపు కుదుపుగా ఈదుతుంటే అవే బొచ్చె తినే పురుగులు. ఒట్టి పచ్చదనమే ఉండి చుక్కలు లేకపోతే బొచ్చె పస్తున్నట్టే.

తవుడూ చెక్కా మేత సాయంత్రం వద్దు. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. రెండో ఏడాది వానాకాలంలో మబ్బు పట్టి నాలుగు రోజులు ఎండ లేదు. చేపలు తొందరగా పెరగాలని నేను రోజూ రెండు పూటలా సంచులు నింపాను. ఎండ లేకపోతే ఆకుపచ్చ ప్లాంక్టన్ ఆక్సిజన్ ఇవ్వదు, మిగిలిన మేత కుళ్ళి ఉన్నది కూడా లాగేస్తుంది. ఐదో రోజు తెల్లవారుజామున వెళ్ళేసరికి చెరువంతా నోళ్ళు. పైకి తేలి గుటకలు మింగుతున్నాయి. వెండి చేపలు ముందు పోయాయి, తర్వాత బొచ్చెలు. ఇంజను పెట్టి నీళ్ళు చిమ్మించేసరికి పొద్దెక్కింది. ఆ ఏడాది అప్పు తీరడానికి నాకు రెండు పంటలు పట్టింది. అప్పట్నుంచి మబ్బు పడితే మేత సగం, రెండో రోజూ మబ్బే అయితే మేత బంద్. ఒకటి రెండు రోజులు తినకపోతే చేపకి ఏమీ కాదు. మేత ఎప్పుడూ బాగా ఎండెక్కాక, ఎనిమిది తొమ్మిది మధ్య మొదలుపెట్టు.

ఎంత పెట్టాలో అంచనాతో వద్దు. పదిహేను రోజులకోసారి విసురు వల వేసి, రకానికి ఓ పది చేపల్ని తూచి సగటు తియ్యి. ఇప్పుడు చెరువులో 3,500 బతికి ఉన్నాయనుకుందాం, సగటున 300 గ్రాములుంటే మొత్తం 1,050 కిలోలు. అందులో నూటికి 2 చొప్పున రోజుకి 21 కిలోలు. దాన్ని పదీ పన్నెండు సంచులకి పంచి చెరువంతా కట్టు. అప్పుడు బలమైనది ఒక మూల కాపు కాసి అంతా తినెయ్యడం కుదరదు. డిసెంబరు, జనవరిలో మీ వైపు రాత్రి చలి బాగా ఉంటుంది. నీళ్ళు చల్లబడితే చేప ఒళ్ళు కూడా చల్లబడుతుంది, అరుగుదల మందగిస్తుంది. అప్పుడు పెట్టిందంతా మిగులుతుంది. 26 నుంచి 32 డిగ్రీల మధ్యే ఇవి బాగా తింటాయి.

కొర్రమీను సంగతి. తెలంగాణ రాష్ట్ర చేప అది, రేటు బాగుంటుంది, మీ వాళ్ళు ఆశ పెట్టడంలో తప్పు లేదు. కానీ ఈ చెరువులో వద్దు. దాని నోటి నిండా పళ్ళున్నాయి, నోట్లో పట్టిందల్లా మింగుతుంది. ఇప్పుడు నీ చేపలు పెద్దవి కాబట్టి వాటిని ఏమీ చెయ్యకపోవచ్చు. వచ్చే పంటకి పిల్ల వదిలినప్పుడు మిగిలిపోయిన నాలుగు కొర్రమీన్లు చాలు, వేలల్లో తినేస్తాయి. వలకి చిక్కక బురదలో ఉండిపోవడం దానికి అలవాటే, పై గాలి పీల్చి బతుకుతుంది కాబట్టి నీళ్ళు తోడినా చావదు. నది నుంచి పిల్ల తెచ్చుకునే రోజుల్లో రైతులు పడ్డ బాధ కూడా ఇదే, మంచి పిల్లతోపాటు వాలుగ పిల్ల కలిసి వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో చేపల శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి గారు మెదడు కింది గ్రంథి రసం సూది వేసి మన చేపల చేత గుడ్లు పెట్టించారు. ఏ రకం ఎన్ని వెయ్యాలో లెక్కపెట్టి వేసుకునే వీలు రైతుకి వచ్చింది ఆ తర్వాతే. అంత కష్టపడి విడదీసిన దాన్ని మనమే మళ్ళీ కలుపుకోకూడదు.

కొర్రమీను మీద నిజంగా మనసుంటే విడిగా చిన్న కుంట తీసుకో, చుట్టూ వల కట్టు, లేకపోతే దూకి పోతుంది. తవుడు దానికి పనికిరాదు. రవ్వకి నూటికి 25, 28 పాళ్ళ మాంసకృత్తులున్న మేత చాలు, కొర్రమీనుకి 40 పైన కావాలి. తేలే గుళికల మేతకి చిన్నప్పుడే అలవాటు చేసిన పిల్లనే కొను. రెండు వారాలకోసారి సైజు చూసి వేరుచెయ్యకపోతే పెద్దది చిన్నదాన్ని తినేస్తుంది. పెట్టుబడి ఎక్కువ, పనీ ఎక్కువ. బొచ్చె, రవ్వ లాంటి కార్పు చేపల మీద ఒక పంట సరిగ్గా తీశాక ఆలోచించు.

ఇక గడ్డి చేప. పేరులోనే ఉంది దానికి ఏం కావాలో, ఏడు నెలలుగా దానికి గడ్డి పెట్టలేదు నువ్వు. తవుడు తిని బతుకుతోంది గానీ ఒళ్ళు పట్టడం లేదు. గుర్రపుడెక్క వెయ్యకు, దానికి ఇష్టం ఉండదు. లేత నేపియర్ గడ్డి, గట్టు మీద గరిక, నీళ్ళలో పెరిగే మెత్తటి నాచు మొక్క ఏదైనా సరే. నాలుగు బొంగులు కట్టి నీళ్ళ మీద తేలే చతురస్రం చెయ్యి, గడ్డి ఎటూ కొట్టుకుపోకుండా అందులో వెయ్యి. తిన్న గడ్డిలో సగం దాకా అరక్కుండానే బయటికొస్తుంది, ఆ పేడ మోసు తింటుంది, మిగిలింది ప్లాంక్టన్‌కి ఎరువవుతుంది. కాబట్టి గడ్డి చేపకి కడుపు నిండితే మోసుకీ బొచ్చెకీ కూడా అందులో వాటా వస్తుంది. మొదటి రెండు మూడు రోజులు ముట్టుకోకపోవచ్చు, భయపడకు. సాయంత్రం కొత్త గడ్డి వేసి పొద్దున్నే వెళ్ళి చూడు. ఆకంతా పోయి చతురస్రంలో ముదురు కాడలు మాత్రమే తేలుతుంటే అది తినడం మొదలుపెట్టినట్టు. ఆ కాడలు తీసి గట్టున పడేసి, మళ్ళీ అంతే గడ్డి వెయ్యి.